నా కింద కారుండేది

నేను ఒక కారు కవరును. కారును కాదు, కవరును. కారైతే చెప్పుకోవడానికి బోలెడంత ఉండేది: ఎక్కిన ఘాట్ రోడ్లు, దాటిన లారీలు, మోసిన పెళ్లికూతుళ్లు. నాకున్నదల్లా బయట వెండి రంగు పూసిన ఒక గుడ్డ, అడుగు అంచుకు ఎలాస్టిక్, పొట్ట కింద బిగించడానికి రెండు పట్టీలు, పక్క అద్దాలు దూరడానికి చెరో వైపు ఒక చెవి. ఇంత మాత్రానికి ఆత్మకథ ఎందుకని మీకు అనిపించొచ్చు. కానీ కారు గురించి కారు చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి. అవి నేనే చెప్పాలి.

హైదరాబాదు శివార్లలో రేకుల షెడ్డులో, వరసగా కూర్చున్న కుట్టుమిషన్ల మధ్య పుట్టాను. నన్ను కుట్టిన ఆమె ఆ రోజంతా పక్కామెతో చిట్టీ పాట గొడవ చెప్పుకుంటూనే ఉంది. కుట్టడం అయ్యాక నన్ను ఏ కారుకూ తొడిగి చూడలేదు. మడిచి, సంచిలో పెట్టి, పైన కారు పేరున్న చీటీ అంటించారు. అంటే నేను కారును చూడకముందే నాకు కారు ఆకారం వచ్చేసింది. ఈ విషయంలో నేను చాలామంది మనుషులకు దగ్గరివాణ్ణని తరువాత తెలిసింది.

ఒక విషయం నాకు మొదటి నుంచీ వింతే. మనుషులు నలుగురు చూడాలని కారు కొంటారు. కొన్న సాయంత్రమే అది ఎవరికీ కనబడకుండా నన్ను కప్పుతారు.

నన్ను ఎవరూ కొనలేదు. అడిగి తీసుకున్నారు. జగిత్యాలలో టెంట్ హౌజ్ నడిపే ఆడెపు సదానందం, తెల్ల కారు కొనడానికి షోరూముకు వచ్చి, బేరమంతా అయ్యాక, కవరు కూడా ఇస్తేనే సంతకం పెడతానని కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. షోరూము కుర్రాడు నవ్వి నన్ను తెచ్చి డిక్కీలో వేశాడు. కాళ్ల కింద మ్యాట్లు, అద్దం ముందు చిన్న వినాయకుడు, నేను, ఈ ముగ్గురం ఆ కారులో కిస్తీ లేకుండా వచ్చినవాళ్లం. మిగతాదంతా ఫైనాన్సు వాళ్లదే. ఆ సంగతి తరువాత అందరికీ గుర్తొచ్చింది. ఆ రోజు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. షోరూము వాళ్లు మనిషెత్తు అట్ట తాళంచెవి ఒకటి చేతికిచ్చి ఫోటో తీశారు. సదానందం, ఆయన భార్య స్వరూప, తల్లి నర్సవ్వ, ముగ్గురూ ఆ అట్ట తాళంచెవిని పట్టుకొని నవ్వారు. అక్కడి నుంచి నేరుగా కొండగట్టు గుడికి పోయి, టైర్ల కింద నిమ్మకాయలు నలిపి, నర్సవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని ఇంటికి వచ్చారు. ఆమె దానిని కారు అనేది కాదు. ‘మోటరు’ అనేది. ఆ మాటలో ఎంతో గౌరవం ఉండేది.

సదానందం గొప్ప కోసమే కొన్నాడనడం అన్యాయం. షామియానాలు, కుర్చీలు, వంట డేగిశాలు కిరాయికిచ్చే వ్యాపారం ఆయనది. పెళ్లి మాట్లాడుకోవడానికి స్కూటరు మీద పోతే ఇంటివాళ్లు ఆలోచించి చెప్తామనేవారు. కారులో పోతే ముందు చాయ్ వచ్చేది, తరువాత అడ్వాన్సు వచ్చేది. మనిషి అదే, కుర్చీలు అవే. తలుపు దగ్గర ఆగిన బండిని బట్టి షామియానా నాణ్యతను అంచనా వేసే తెలివితేటలు మనుషులకే ఉన్నాయి.

ఇంటి సంగతులు తెలుసుకోవడానికి నాకు ఎవరి మాటలూ వినాల్సిన పనిలేదు. నా పనే నాకు చెప్పేది. రోజులు బాగున్నప్పుడు నేను పగలంతా డిక్కీలో ముడుచుకొని పడుకునేవాణ్ణి. బండి తిరుగుతుండేది. మొదటి రెండేళ్లు నాకు ఎండ అంటే ఏమిటో తెలియదు. తరువాత ఊరి చుట్టూ ఫంక్షన్ హాళ్లు లేచాయి. హాలు మాట్లాడుకుంటే కుర్చీలు, గిన్నెలు, స్టేజీ, చివరికి పన్నీరు చల్లే గిన్నె కూడా అందులోనే. టెంట్ హౌజుకు మిగిలినవి పుట్టినరోజులు, వినాయకుడి మండపాలు, రాజకీయ సభలు. సభల వాళ్లు కుర్చీలు విరగ్గొట్టినంత త్వరగా డబ్బులిచ్చేవారు కాదు. పెట్రోలు పోయించడం తగ్గింది. నేను డిక్కీలోంచి బయటికొచ్చాను. అంతవరకూ రాత్రిళ్లే, ఇప్పుడు పగళ్లు కూడా, ఆ తరువాత వారాల తరబడి కారు మీదే ఉన్నాను. నా వెండి రంగు రాలడం అప్పుడే మొదలైంది.

కిస్తీలు తప్పాక ఫైనాన్సు మనుషులు వచ్చేవారు. చెడ్డవాళ్లేం కాదు. నా అంచు పైకెత్తి నంబరు ప్లేటు చూసుకొని, మళ్లీ మర్యాదగా దించి, తలుపు కొట్టేవారు. సదానందం ఇంట్లోనే ఉండి లేడనిపించేవాడు. వాళ్లు ఎప్పుడైనా బండి గుంజుకుపోతారన్న భయంతో ఒకసారి కారు తీసుకుపోయి మెట్‌పల్లిలో అత్తగారింటి వెనక పెట్టి, తను బస్సులో తిరిగొచ్చాడు. కారుండి బస్సెక్కినందుకు ఆయనకు ఏ బాధా లేదు. కారు లేదని నలుగురికీ తెలిస్తేనే బాధ. ఆ బస్సు కిటికీ పక్కన కూర్చొని ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగా అన్నం తినలేదని మాత్రం, మూడో నాడు కారును తిరిగి తెచ్చుకున్నాక, నర్సవ్వ అందరికీ చెప్పింది.

అన్నిటికంటే పెద్ద గండం వేరే వచ్చింది. కోరుట్లలో ఇంకో టెంట్ హౌజ్ నడిపే ఆయనను పిలుచుకొచ్చి, వంట డేగిశాలు, పెద్ద గంజులు అన్నీ చూపించాడు సదానందం. అవి ఆయన తండ్రి ఒక్కొక్కటిగా కొన్నవి. వచ్చినాయన ఒక్కో డేగిశను వేలితో కొట్టి చప్పుడు వింటున్నాడు. బేరం కుదిరేలాగే ఉంది. అది కుదిరితే తప్పిన కిస్తీలన్నీ కట్టి కారు నిలబెట్టుకోవచ్చని సదానందం లెక్క. స్వరూప వచ్చినాయనకు మంచినీళ్లిచ్చి, గ్లాసు తీసుకొని, భర్త దగ్గరికొచ్చి నిలబడింది.

“గంజులమ్మి కిస్తు గడుతవ్. సరే,” అంది. “రేపు ఆ కార్ల ఏం ఏస్కొని పోతవ్?”

గట్టిగా కూడా అనలేదు. కోరుట్ల ఆయన చెయ్యి డేగిశ మీదే ఆగిపోయింది. సదానందం నా వైపు చూశాడు. నేనేం చెప్పను. నా పని కప్పి పెట్టడమే.

మరునాడు పొద్దున, గంజుల బేరం వదిలేసి, ఇద్దరూ కరీంనగర్‌లో ఫైనాన్సు ఆఫీసుకు పోయారు. నేను డిక్కీలో ఉన్నాను. లోపల ఏం జరిగిందో తిరుగు దారిలో వాళ్ల మాటల్లోనే విన్నాను. మాట్లాడింది స్వరూపట. కిస్తీలు కట్టలేమని, దాచిపెట్టి తిప్పలు పడలేమని, దారి చెప్పమని అడిగిందట. మేనేజరు కోప్పడలేదట. మేం గుంజుకుపోయి వేలం వేస్తే తక్కువకు పోతుంది, మీకే ఇంకా బాకీ మిగులుతుంది, మీరే మంచి గిరాకీని చూసి మా ముందే అమ్ముకోండి, అప్పు పోగా మిగిలింది మీదే అన్నాడట. ముందే వచ్చుంటే ఇంకా బాగుండేదని కూడా అన్నాడట. సదానందం దారంతా ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఇన్ని నెలలు ఎవరి మనుషులను చూసి తలుపు చాటుకు నక్కాడో, ఆ మేనేజరే కుర్చీ చూపించి కూర్చోమన్నాడని. ఆశ్చర్యంలోనే కొంచెం సిగ్గు కూడా ఉంది.

గిరాకీ దొరికాడు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఆయన, నెమ్మదస్తుడు. ఫైనాన్సు ఆఫీసులోనే లెక్కలు తేల్చుకొని, అప్పు తీరినట్టు కాగితం సదానందం చేతికొచ్చాక, కారు తీసుకుపోవడానికి ఇంటికొచ్చాడు. నన్ను కూడా ఇవ్వబోతే, మాకు షెడ్డుంది, కవరెందుకని అన్నాడు. నన్ను ఒలిచి గేటు పక్కన నేల మీద వేశారు. నర్సవ్వ మోటరు వెనక భాగాన్ని ఒకసారి నిమిరి లోపలికి పోయింది. అది మూల తిరిగిపోతుంటే నేను చూశాను. అన్నేళ్లు దాని మీదున్నా, దాన్ని నడుస్తుండగా చూడడం అదే మొదటిసారి. బాగుంది. నిజంగా బాగుంది.

ఆ మధ్యాహ్నం స్వరూప ఆదమరిచి నిద్రపోయింది. చాలా రోజులకు. సదానందానికి మాత్రం నిద్ర లేదు. గుమ్మం ముందు కారు నిలబడ్డ జాగా ఖాళీగా కనబడుతోంది. కారున్నప్పుడు ఆ జాగా అంత పెద్దదని ఎవరూ గమనించలేదు. వీధిలో ఎవరు పోతున్నా ఆయన గడప వెనక్కి జరిగాడు. కారేదని అడుగుతారు. అమ్మినానంటే ఎందుకంటారు. దివాలా తీసిన టెంట్ హౌజని ఊరంతా పాకుతుంది. రేపు ఎవరు అడ్వాన్సిస్తారు?

మే నెల. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. సదానందం లేచి, ఇంటి పక్క గోదాములోంచి కుర్చీలు తేవడం మొదలుపెట్టాడు. మామూలు కుర్చీలు కాదు, చేతులున్న ఎర్రవి, పెద్దమనుషుల కోసం ముందు వరసలో వేసేవి. వెనక ఎత్తుగా, ముందు ఎత్తు తక్కువగా వరసలు పేర్చాడు. నడుమ కప్పు కోసం పరుపులు పరిచాడు. ముందు బానెట్ గుండ్రంగా రావాలని ఒక జంపఖానా చుట్టి పెట్టాడు. పెళ్లి మండపాలు లేపిన చెయ్యి అది, ఎక్కడా తడబడలేదు. నన్ను తెచ్చి పైన తొడిగాడు. నా చెవులు రెండూ వేలాడుతుంటే, కాసేపు ఆలోచించి, లోపలికి పోయి రెండు ప్లాస్టిక్ మగ్గులు తెచ్చి చెరో చెవిలో దూర్చాడు. దూరంగా జరిగి చూశాడు. కారే. నేనే ఒక్క క్షణం నమ్మాను.

నర్సవ్వ గడపలోంచి చూసి, “గిదేం బాగోతం రా? మోటరుకు దినాలు జేస్తున్నవా?” అంది.

“పెండ్లిండ్ల సీజన్ అయ్యేదాకనే అవ్వా,” అన్నాడు సదానందం, ఆమె వైపు చూడకుండా.

అప్పటి నుంచి నేను ఒక అబద్ధానికి ఒంటి మీది బట్టనయ్యాను. చెప్పకూడదు గానీ, ఆ ఉద్యోగం నాకు మొదట్లో నచ్చింది. కారు మీద ఉన్నప్పుడు నేను కవరునే. ఇప్పుడు నేనే కారును. సదానందం పొద్దున్నే నా మీద దుమ్ము దులిపేవాడు. ఒకసారి వాన పడి వెనక పరుపు కుంగితే, ఎదురింటి కనకయ్య, మందుల షాపులో పనిచేసి మానేసిన పెద్దాయన, చేతికర్రతో చూపించి వెనక టైర్లో గాలి తగ్గినట్టుందని చెప్పాడు. సదానందం గాలి కొట్టిస్తానని బదులిచ్చి, మధ్యాహ్నం రెండు తలగడలు లోపల తోశాడు. మరునాడు కనకయ్య చూసి తృప్తిగా తలూపాడు.

ఎవరూ అడ్వాన్సు వెనక్కి తీసుకోలేదు. అది నా ఘనతేనని సదానందం అనుకునేవాడు. కానీ ఇంకొకటి జరగసాగింది. పుట్టినరోజుకు మంచి కుర్చీలు కావాలని ఒకామె వచ్చింది. ఎర్ర కుర్చీలేవంటే బయటికి పోయాయన్నాడు. పరుపులడిగిన వాళ్లకూ అదే జవాబు. కిరాయి తేవాల్సిన సామానంతా గుమ్మం ముందు కారు వేషం వేసుకొని ఊరికే కూర్చుంది. స్వరూప రెండుమూడు సార్లు చెప్పింది. ఆయన సీజన్, సీజన్ అన్నాడు. సీజన్ అయిపోయింది. ఆయన నన్ను తియ్యలేదు.

జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మరుసటి పొద్దున కనకయ్య పోయాడు. చాయ్ తాగుతూ తల వాల్చాడట. వీధంతా కదిలింది. సదానందం అడగకముందే చిన్న షామియానా ఒకటి భుజాన వేసుకొని పోయి, కనకయ్య వాకిట్లో కర్రలు పాతాడు. చావింటికి సామాను అడిగించుకోకూడదని, లేదనకూడదని తన తండ్రి పెట్టిన నియమం. కిరాయి మాట అసలే ఎత్తకూడదు. అన్నీ సర్దాడు గానీ కుర్చీలు లేవు. నా కింద ఉన్నవి తప్ప మిగతావన్నీ ముందు రోజే రాయికల్‌లో ఒక సభకు పోయాయి.

సదానందం ఇంటికి తిరిగొచ్చేసరికి వెనకే కనకయ్య తమ్ముడు గంగారాం వచ్చాడు. ముసలాయన, పొద్దుటి నుంచీ ఏడ్చి గొంతు పోయింది.

“జెర కుర్చీలు దొరుకుతయా సదానందం? ఆడోళ్లందరు బురదల నిలవడ్డరు.”

“రాయికల్ పోయినయ్ కాకా. సాయంత్రం గాని రావు,” అన్నాడు సదానందం. నిజమే చెప్పాడు.

గంగారాం సరేనని వెనక్కి తిరిగాడు. తిరుగుతుంటే చెప్పు బురదలో ఇరుక్కుంది. దాన్ని లాక్కోవడానికి ఆసరా కోసం చెయ్యి వేశాడు. నా మీదే వేశాడు, బానెట్ మీద. ఆయన బరువుకు నా కింద ఒక కుర్చీ కిర్రుమంది. ఆయనకు వినబడిందో లేదో. చెప్పు తొడుక్కొని, చెయ్యి తీసి, ఊరి అవతలి టెంట్ హౌజు వైపు నడవసాగాడు. గడపలో స్వరూప నిలబడి ఉంది. భర్త వైపు చూసి, ఎదురింటి వాకిట్లో మడమల దాకా బురదలో నిలబడ్డ ముసలమ్మల వైపు చూసింది. అందులో నర్సవ్వ కూడా ఉంది.

నాకు ఆ క్షణం బాగా గుర్తు. నేను గుడ్డనైనా, నా కింద ఉన్నది ప్లాస్టిక్కైనా, భయమేసింది. సదానందం అలాగే నిలబడిపోతాడేమో, గంగారాం మూల తిరిగిపోతాడేమో, ఇక ఎన్నేళ్లైనా ఇలాగే ఉండిపోతామేమో అని.

“కాకా, ఆగు,” అన్నాడు సదానందం.

నన్ను తియ్యడానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఆయన ఒక్కడే పట్టి లాగాడు. పొట్ట కింది పట్టీ విప్పడం మరిచిపోయాడు. ఒక కుర్చీ చెయ్యికి తగులుకొని నేను నడుమ దాకా చిరిగాను. ఆ చప్పుడుకు వాకిట్లో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. ఎర్ర కుర్చీలు, పరుపులు, చుట్టిన జంపఖానా, రెండు మగ్గులు, అన్నీ పట్టపగలు బయటపడ్డాయి.

“కారు అమ్మిన కాకా,” అన్నాడు సదానందం. “కిస్తులు గట్టలేక అమ్మిన. గివి కుర్చీలు.”

గంగారాం కుర్చీల వైపు చూశాడు. తడి కళ్లు తుడుచుకొని మళ్లీ చూశాడు.

“ఆడోళ్లకందరికి సాల్తయా బిడ్డా?” అని అడిగాడు.

అంతే. నెల పైగా సదానందం కడుపులో పెట్టుకొని మోసిన భయానికి వీధి ఇచ్చిన విలువ అది. ఆయన సాల్తయని తలూపి, నాలుగేసి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఎత్తుకున్నాడు. నలుగురు మగవాళ్లు వచ్చి మిగతావి తీసుకుపోయారు. మగ్గులతో ఎవరో కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పోశారు. షామియానా ఆడవాళ్ల వైపు చాలకపోతే, జల్లు మొదలయ్యే లోపు నన్ను కూడా కర్రలకు కట్టేశారు, చిరుగుతో సహా. నా రెండు చెవులూ కనకయ్య భార్య తల మీద వేలాడుతున్నాయి. ఆమె ఏడుస్తూనే ఒకసారి పైకి చూసి, ఇవేంటన్నట్టు ముఖం పెట్టి, మళ్లీ ఏడ్చింది. నా లోపలి వైపు తెల్లగా ఉంటుంది. దాని కింద కూర్చొని మనుషులు చూడడం అదే మొదటిసారి.

దినాలన్నీ అయ్యాక, కుర్చీలు తిరిగివ్వడానికి గంగారాం అల్లుడు వచ్చాడు. ట్రాక్టరు నడుపుకునే మనిషి. కుర్చీలు దించి, లెక్క అప్పజెప్పి, పోకుండా నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, నా ట్రాక్టర్ది గూడ ఆర్నెల్ల సంది కిస్తులు గట్టలే. మా మామకు ఎర్కలేదు. నువ్వు ఆఫీసుల ఎవలను కలిసినవ్?”

సదానందం అతని ముఖంలోకి చూశాడు. అందులో తన ముఖమే కనబడినట్టుంది. ఒక ఎర్ర కుర్చీ అతని ముందు వేసి కూర్చోమన్నాడు.

“నేను గాదు తమ్మీ, మాట్లాడింది మీ వదినె,” అని లోపలికి కేక వేశాడు.

స్వరూప చేతులు తుడుచుకుంటూ వచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కొని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ముందు ఆఫీసుకు పోవాలని, వాళ్లొచ్చే దాకా ఆగొద్దని, బండిని ఎక్కడా దాచొద్దని. దాచొద్దన్నప్పుడు ఆమె భర్త వైపు చూడలేదు. ఆయనే నవ్వాడు.

నా చిరుగుకు జంపఖానా ముక్క ఒకటి వేసి కుట్టారు. ఇప్పుడు నేను ట్రాలీ ఆటోలో సామాను మీద తిరుగుతున్నాను. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, చావులకు. ఎండను, వానను, గాలిని ఇప్పుడు బాగా ఎరుగుదును. మొన్న టవర్ సర్కిల్ దగ్గర పోలీసాయన బండి ఆపి, నా మీద లాఠీతో తట్టి, కింద ఏముందని అడిగాడు.

“పరుపులు సార్,” అన్నాడు సదానందం.

పోలీసాయన నా అంచెత్తి చూశాడు. పరుపులే.